అక్షరములతో పెనగులాడు బిడ్డలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచియుండుట సామాన్య విషయము కాదు. వానలు మొగము చాటువేసిన ఏండ్లు వచ్చినవి. సగము ఊరు సుగ్గికి తరలిపోయి వీధులు బోసిపోయిన నెలలు వచ్చినవి. ఐనను సాయంకాలమగుసరికి ఈ తలుపులు తెరచుకొనుచునే యున్నవి. ఇందుకు కారకులైన వారందరికి నా వందనములు.

ఇట్టి సభలో చదువు యొక్క గొప్పతనమును వర్ణించుట సులభము. ఆ పనిని నాకంటె ముందు మాటలాడిన పెద్దలు చక్కగా నెరవేర్చిరి. నేను మాత్రము ఈ తలుపులు తెరచియున్నను లోనికి అడుగుపెట్టని కొందరిని గూర్చి మనవి చేయదలచితిని. బడి ముఖము చూడనివారిని గూర్చి కాదు. బడికి పోయి, పలక పట్టి, నాలుగైదేండ్లు గురువు ముందు కూర్చుండియు, పుస్తకము తెరచినంతనే చెమటలు పట్టు బిడ్డలను గూర్చి నేను చెప్పుచున్నాను.

అట్టి బిడ్డను మీరందరును చూచియే యుందురు. నోటిలెక్క అడిగిన తడుముకొనక చెప్పును. అవ్వ చెప్పిన కథను మాట పొల్లుపోకుండ తిరిగి చెప్పును. ఎద్దు నడక చూచి నొప్పి ఏ కాలిలో నున్నదో పసిగట్టును. కాని మూడవ తరగతి వాచకములోని నాలుగు పంక్తులు చదువుమనగా, అక్షరమక్షరము కూడబలుకుకొనుచు మొదటి పంక్తి ముగియకమునుపే అలసిపోవును. నిన్న చదివిన మాటను నేడు క్రొత్తదానివలె చూచును. నల్లబల్లపై నున్నదానిని ఎత్తి వ్రాయునప్పుడు ఒత్తులు జారిపోవును, గుణింతములు మారిపోవును.

ఇట్టి బిడ్డకు మన ఊళ్ళలో పెట్టు పేర్లు మీకు తెలియనివి కావు. మొద్దు అందుము, మట్టిబుర్ర అందుము, సోమరి అందుము. కొంచెము దయగలవారు “పాపము, వానికి చదువు రాసిపెట్టిలేదు” అందురు. ఈ చివరి మాటయే అన్నిటికంటె ప్రమాదకరమైనది. తిట్టువాడు బిడ్డపై ఇంకను ఆశ వదలుకొనలేదు. రాసిపెట్టిలేదన్నవాడు ఆశ వదలుకొన్నాడు. ఆ మాట ఇంటిలో వినబడిన కొలది దినములకే బిడ్డ బడి మాని పత్తిచేలకో, మగ్గము గుంతకో, బెంగళూరు కట్టడపు పనులకో పోవును. ఆడపిల్లయైనచో పెండ్లి మాటలు మొదలగును. ఒక జీవితము ఏ త్రోవన పోవలెనో పదియేండ్లు నిండకమునుపే నిర్ణయమైపోవును. ఆ నిర్ణయమునకు ఆధారము మనకు సరిగా తెలియని ఒక విషయము. ఆ విషయమునకే డిస్లెక్సియా అని పేరు.

ఇది గ్రీకు మూలముల నుండి కూర్చిన మాట. మాటలతో కష్టము అని దాని భావము. 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అను జర్మను నేత్రవైద్యుడు ఈ పేరు పెట్టెను. ఆయన చూచినది మెదడునకు దెబ్బ తగిలి చదువు మరచిన పెద్దలను. పుట్టుకతోనే ఇట్టి ఇబ్బంది యుండునని లోకమునకు తెలిపినది 1896లో ఇంగ్లండు దేశపు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ వ్రాసిన చిన్న వ్యాసము. అందు పెర్సీ అను పదునాలుగేండ్ల బాలుని ముచ్చట కలదు. ఆ బాలుడు చురుకైనవాడు, ఆటపాటలలో ఎవనికిని తీసిపోనివాడు, లెక్కలు చక్కగా చేయువాడు. ఐనను తన పేరునే అక్షరములు తారుమారు చేసి వ్రాసెను. చూపునందు లోపము లేదు. చదువు మొత్తము నోటిమాటగానే జరిగినచో బడిలో ఇంతటి తెలివిగలవాడు మరియొకడుండడని ఆతని ఉపాధ్యాయుడే అభిప్రాయపడెను. నూటముప్పది యేండ్ల నాటి ఆ పెర్సీ మన ఊరి బడిలోను కూర్చుండియున్నాడు. పేరు మాత్రమే వేరు.

ఇది ఎట్లు కలుగునో కొంచెము విచారింతము. మాటలాడుట మానవునకు పుట్టుకతో వచ్చిన శక్తి. బిడ్డకు ఎవ్వరును పాఠము చెప్పకయే రెండు మూడేండ్లకు మాటలు వచ్చును. వ్రాత అట్టిది కాదు. అది మనుష్యుడు కల్పించుకొని సుమారు అయిదువేల యేండ్లు మాత్రమే అయినది. కావున చదువుట కొరకు మెదడులో ముందుగా నేర్పరచిన చోటు లేదు. ధ్వనిని పట్టు భాగమును, రూపమును చూచు భాగమును, అర్థమును తెలుపు భాగమును ప్రతి బిడ్డయు క్రొత్తగా ఒకదానితో నొకటి ముడివేసికొనవలెను. కొందరిలో ఈ ముడి నెమ్మదిగా పడును. ముఖ్యముగా మాటను విడి విడి ధ్వనులుగా విడదీసి పట్టుకొనుటలో వారికి కష్టము కలుగును. “కమల” అను మాటలో మొదటి ధ్వని తీసివేసిన మిగులునదేమి అని అడిగిన, తోటి పిల్లలు “మల” అని వెంటనే చెప్పుదురు. ఈ బిడ్డ తడబడును. మాట యొక్క అర్థము తెలియక కాదు, మాటను ముక్కలుగా విడదీయుట కుదరక.

మన ఎమ్మిగనూరు నేతగాండ్రకు ఈ సంగతి సులభముగా బోధపడును. మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘమును స్థాపించి నేతగాండ్రకు నీడ కల్పించిరి. ఆ సేవకే 1954లో పద్మశ్రీ బిరుదమందిరి. ఆ మగ్గముల మీద పడుగులో ఒక పోగు తెగినప్పుడు నేతగాడేమి చేయును? నూలును తిట్టడు, మగ్గమును విరుగగొట్టడు. నాడె నిలిపి, తెగిన పోగు ఏదో వెదకి పట్టి, అతికి, మరల నేయును. ఆ చోట కొంత ఆలస్యమగును. బట్ట మాత్రము బట్టయే. ఈ బిడ్డల చదువునందు తెగిన పోగు ధ్వనికి అక్షరమునకు నడుమ నున్నది. దానిని అతుకుట మాని బిడ్డను దండించినచో ప్రయోజనమేమి?

మన తెలుగు లిపిలో ఈ ఇబ్బంది ఎట్లు కనబడునో చెప్పుట అవసరము. ఇంగ్లీషునందు ఒకే అక్షరము ఒకచోట ఒక విధముగను వేరొకచోట మరియొక విధముగను పలుకును. తెలుగున అట్లు కాదు, వ్రాసినదే పలుకుదుము. అందుచేత మన బిడ్డ తెలుగును తప్పులు లేకుండ చదువవచ్చును. కాని మిక్కిలి నెమ్మదిగా చదువును. అదే బిడ్డ ఇంగ్లీషు పాఠమునకు వచ్చుసరికి పూర్తిగా చిక్కుపడును. మన లిపికిని తన కష్టములు తనకు కలవు. హల్లులకు గుణింతములు చేర్చినచో నాలుగు వందలకు పైబడిన రూపములగును. ఆపైన ఒత్తులు. ప, ష, వ, మ అను అక్షరములకును, ద, ధ, థ అను అక్షరములకును భేదము ఒక చిన్న గీతలోనో చుక్కలోనో యున్నది. క్రావడి చూడుడు. అక్షరమునకు ఎడమవైపున మొదలుపెట్టి వ్రాయుదుము, పలుకునప్పుడు మాత్రము దాని ధ్వని తరువాత వచ్చును. ఐత్వములో ఒక ముక్క తలపైన, ఒక ముక్క కాలిక్రింద. త, మ, య, ల, న అక్షరముల ఒత్తులకు అక్షరముతో పోలికయే యుండదు. ఇవన్నియు చేతికి పట్టుబడుటకు సామాన్యమైన బిడ్డకే మూడు నాలుగేండ్లు పట్టును. కావున ఒకటవ తరగతిలో తప్పులు వ్రాసిన ప్రతి బిడ్డకును డిస్లెక్సియా కలదని భయపడరాదు.

ఇచ్చట మన ప్రాంతపు విషయము ప్రత్యేకముగా ఆలోచింపదగియున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము నాటి కర్నూలు జిల్లాలో అక్షరాస్యులు నూటికి అరువదిమంది మాత్రమే. అందును ఈ పడమటి మండలములు మరింత వెనుకబడినవి. బిడ్డ చదువలేకపోవుటకు ఇచ్చట కారణములు పెక్కులు కలవు. ఆ గుంపులో డిస్లెక్సియా మరుగుపడిపోవును. కావున ఒక్కొక్క కారణమును తీసి చూడవలెను.

మొదట కన్ను, చెవి. చూపు మందగించిన బిడ్డకు నల్లబల్ల మసకగా కనబడును. వినికిడి తగ్గిన బిడ్డకు ద, ధ అను భేదము తెలియదు. ఈ రెండును ముందుగా పరీక్ష చేయింపవలెను. రెండవది సుగ్గి. పంట కోసిన తరువాత తలిదండ్రుల వెంట గుంటూరు మిరపచేలకు పోయి నెలల తరబడి బడికి దూరమైన బిడ్డ వెనుకబడుట వింత కాదు. మూడవది భాష. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్ళారి జిల్లాలోనివి. నేటికిని మనలో కొన్ని ఇండ్లలో కన్నడము, కొన్ని ఇండ్లలో ఉర్దూ మాటలాడుదురు. ఇంటి భాష ఒకటి, బడి భాష వేరొకటి అయినప్పుడు బిడ్డ కొంతకాలము తికమకపడును. నాలుగవది ఆకలి, అనారోగ్యము.

ఈ నాలుగింటికిని డిస్లెక్సియాకును భేదము తెలియుటెట్లు? శ్రద్ధగా బోధించి చూడవలెను. సుగ్గి నుండి వచ్చిన బిడ్డకు, ఇంటిలో కన్నడము మాటలాడు బిడ్డకు, కొన్ని నెలలు కుదురుగా చెప్పినచో అందుకొందురు. అదే ఇంటి బిడ్డలు, అదే పంతులు, అదే పాఠము. ఒకడు ముందుకు సాగి వేరొకడు అచ్చటనే నిలిచిపోయినచో, ఆ నిలిచినవాడు మాటలలో, ఆలోచనలో చురుకైనవాడైనచో, అప్పుడు అనుమానింపవలెను. తండ్రికో, మేనమామకో ఇట్టి కష్టమే యుండెనేమో విచారింపవలెను. డిస్లెక్సియా వంశములలో నడచునది. అది లోకమున ఏ భాషవారినిగాని, ఏ కులమువారినిగాని విడిచిపెట్టదు. సాధారణముగా చెప్పు లెక్క ప్రకారము నూటికి అయిదుగురు మొదలు పదిమంది వరకు ఏదో ఒక పాళ్ళలో దీనికి లోబడినవారే. అనగా నలువది మంది గల తరగతిలో ఇద్దరు మొదలు నలుగురి వరకు ఉందురని అనుకొనవచ్చును.

దీనికి మందు కలదా యని మీరడుగుదురు. మాత్రలు లేవు, సూదులు లేవు. ఇది రోగము కాదు, దృష్టి తగులుట కాదు, పూర్వజన్మ పాపము కాదు. తాయెత్తులకు, తైలములకు, జ్ఞాపకశక్తి పొడులకు సొమ్ము పోయవలదు. డిస్లెక్సియా జీవితాంతము వెంటనుండును. ఐనను తగిన విధముగా బోధించినచో చదువు వచ్చును, వేగము కొంత తక్కువైనను అర్థము పూర్తిగా వచ్చును. ఎంత చిన్నతనమున మొదలుపెట్టిన అంత మేలు.

ఆ తగిన విధమేది? అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అను వైద్యుడును, అన్నా గిల్లింగ్‌హామ్ అను ఉపాధ్యాయినియు ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఒక పద్ధతిని రూపొందించిరి. కన్ను, చెవి, నోరు, చేయి అన్నియు ఒకేసారి పనిచేయవలెను. అక్షరమును చూచుచు, దాని ధ్వనిని పలుకుచు, వినుచు, వ్రేలితో దిద్దవలెను. ఈ మాట వినగానే మన పెద్దలకు వీధిబడి జ్ఞప్తికి రాకమానదు. ఇసుక పోసి, అందు వ్రేలితో అక్షరము దిద్దించుచు, గొంతెత్తి పలికించెడి ఆ బడిలో ఈ సూత్రమున కొంత యుండెను. అచ్చటి బెత్తమును విడిచి, ఇసుకను మాత్రము మరల తెచ్చుకొందము. రోజునకు ఒక గంట కూర్చుండబెట్టుటకంటె, పావుగంట చొప్పున రెండుమారులు చెప్పుట మేలు. ఒకనాటికి ఒకటి రెండు అక్షరములే చాలును. పోలికగల అక్షరములను ఒకేసారి నేర్పరాదు. మాటను చప్పట్లతో ముక్కలు చేయింపవలెను. నలుగురిలో నిలబెట్టి గట్టిగా చదివింపరాదు. వ్రాతలో తెలియనిది మాటలో చెప్పనీయవలెను.

తలిదండ్రులకు ఒక మనవి. చదువురాని తల్లి ఈ బిడ్డకు ఏమి సాయము చేయగలదని అనుకొనవలదు. ఆమె చెప్పు కథలు, పొడుపుకథలు, పాటలు బిడ్డకు మాటల నిధి. “నీవు మొద్దువు కావు, నీ దారి కొంచెము వేరు” అను మాట బిడ్డకు ఆమె నోటనే రావలెను. అన్నతోనో, పక్కింటి పిల్లతోనో పోల్చుట మానవలెను. ఏ పనిలో బిడ్డకు నేర్పున్నదో, బొమ్మలు వేయుటయో, యంత్రములు విప్పి బిగించుటయో, పాటయో, దానికి చోటు కల్పింపవలెను. ఆదోని సంతలో పత్తిని రెండు వ్రేళ్ళతో లాగి చూచి పింజ పొడవు చెప్పగల పెద్దలలో సంతకము చేయరానివారు లేకపోలేదు. తెలివి అక్షరము ద్వారమున మాత్రమే రాదు.

ఐన్‌స్టీన్ మొదలగు మహనీయులకు డిస్లెక్సియా ఉండెనని కొందరు చెప్పుదురు. దానికి గట్టి ఆధారములు లేవు. మనకు అట్టి కథలతో పనిలేదు. తమకు డిస్లెక్సియా కలదని స్వయముగా చెప్పుకొన్నవారు కలరు. 2009లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానమందిన కెరోల్ గ్రైడర్, 2017లో రసాయనశాస్త్రమున అదే బహుమానమందిన జాక్ డ్యుబొషే అట్టివారే. మన బిడ్డలందరును అంతవారు కానక్కరలేదు. తన పేరు నిర్భయముగా వ్రాసికొని, బ్యాంకు కాగితము చదివి సంతకము చేసి, తన పనిలో తాను నిలువగలిగిన చాలును.

ప్రభుత్వము చేసిన యేర్పాట్లును మనము తెలిసికొనవలెను. 1995 నాటి వికలాంగుల చట్టములో ఈ బిడ్డల ప్రస్తావనయే లేకుండెను. 2016లో వచ్చి 2017 ఏప్రిలు 19 నుండి అమలులోనున్న దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక విధముల వైకల్యములను గుర్తించెను. అందు అభ్యసన వైకల్యము ఒకటి, డిస్లెక్సియా దానిలోనిదే. ఈ ఇబ్బందిని వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన బోధన చేయుట విద్యాసంస్థల విధి యని ఆ చట్టము చెప్పుచున్నది. నిర్ణీత పరిమితికి మించిన వైకల్యము గలవారికి వ్రాత పరీక్షలలో గంటకు ఇరువది నిమిషములకు తగ్గకుండ అదనపు కాలమును, వ్రాయుటకు సహాయకుని ఇయ్యవలెనని 2018లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించెను. ఇందుకు వైద్యుల ధ్రువపత్రము కావలెను. ఎనిమిదేండ్లు నిండిన తరువాతనే దానిని ఇయ్యవలెనని అదే యేడు నిర్ణయించిరి. బడులకు వచ్చు బాలల ఆరోగ్య బృందముల వారిని అడుగుడు. మండల కేంద్రములోని భవిత కేంద్రపు ఉపాధ్యాయులను అడుగుడు. అడిగినవారికే త్రోవ తెలియును. పదవ తరగతి పరీక్షల ముందు అడిగిన ప్రయోజనము తక్కువ, మూడవ తరగతిలోనే అడుగవలెను.

ఇంతవరకు బిడ్డలను గూర్చి చెప్పితిని. ఈ సభలో కూర్చున్న పెద్దలలోను ఇట్టివారుండవచ్చును. రశీదు చేతికిచ్చినప్పుడు “కండ్లజోడు తెచ్చుకొనలేదు” అని చెప్పి తప్పించుకొనువారు, బస్సు పలక చదువుటకు బదులు పక్కవానిని అడుగువారు, బడి మానిన కారణమును ఎన్నడును బయటపెట్టనివారు కలరు. వారు జీవితమంతయు తమను తాము తక్కువగా తలచుకొనియుందురు. వారికి నేను చెప్పునది ఒక్కటే. ఆ లోపము మీ తెలివిలోనిది కాదు, మీ శ్రద్ధలోనిది కాదు. మీ మనుమడో మనుమరాలో అదే చోట తడబడుచున్నచో, ఆ బాధ ఎట్టిదో ఇంటిలో మీకే బాగుగా తెలియును. మీరు నోరు విప్పి చెప్పినచో ఆ బిడ్డ ఒంటరి కాదు.

ఇక గ్రంథాలయము చేయదగిన పని. కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకు, వయోజన విద్యకు ఎంతయో శ్రమించిరి. ఆ ఉద్యమపు దినములలో చదువు వచ్చినవాడు పత్రికను గట్టిగా చదువగా, రానివారు చుట్టును కూర్చుండి వినెడివారు. గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములను 1931లో ప్రకటించిన రంగనాథన్‌గారు ప్రతి పాఠకునికిని తనకు తగిన గ్రంథము దొరకవలెనని కోరిరి. కండ్లతో చదువలేక చెవులతో చదువువాడును పాఠకుడే యని నేను విన్నవించుచున్నాను.

కావున కార్యవర్గమువారికి మూడు కోరికలు. వారమునకు ఒక సాయంకాలము ఇచ్చట పుస్తకమును గట్టిగా చదివి వినిపించు గంట యొకటి ఏర్పరచుడు. దానికి చదువు వచ్చినవారు, రానివారు అందరును రావలెను, ఎవరు ఎందుకు వచ్చిరని అడుగరాదు. రెండవది, పెద్ద అక్షరములు, తక్కువ పంక్తులు, బొమ్మలు గల పుస్తకములు, వినుటకు వీలైన పుస్తకములు కొన్ని తెప్పింపుడు. వానిపై “చిన్నపిల్లలకు” అని మాత్రము వ్రాయవలదు. పదునాలుగేండ్ల బాలుడు ఆ మాట చూచి పుస్తకమును ముట్టడు. మూడవది, ఉపాధ్యాయులను, అంగన్‌వాడి కార్యకర్తలను, తలిదండ్రులను ఏడాదికి ఒకమారు ఇచ్చట కూర్చుండబెట్టి, ఏ బిడ్డ ఎచ్చట నిలిచిపోయినదో మాటలాడుకొనుడు. ఆ మాటలు సుగ్గికి పోకమునుపే జరుగవలెను.

వీనికి పెద్ద ధనము అక్కరలేదు. గొంతు కలవాడు గొంతు ఇచ్చిన చాలును, తీరిక కలవాడు గంట ఇచ్చిన చాలును. ఈ యేడు మన బడి నుండి “రాసిపెట్టిలేదు” అన్న మాటతో ఒక్క బిడ్డయైనను పత్తిచేనికి పోకుండ ఆపగలిగితిమా, ఈ రజతోత్సవము సార్థకమైనదని నేను తలంతును.